పక్క జట్టు కుర్రాడికి ఆఫర్ షీట్ ఇవ్వాలా, వద్దా?

బాస్కెట్‌బాల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దగ్గర సాయంత్రాలు కలుసుకునే పదిమందిమి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్లను తలా ఒకటి పంచుకున్నాం. అసలు నిబంధనలతోనే ఆటగాళ్లను తీసుకుంటూ, వదులుకుంటూ కాగితం మీద లీగ్ నడుపుతున్నాం. నా జట్టుకు 24 మిలియన్ డాలర్ల క్యాప్ స్పేస్ (జీతాల పరిమితిలో మిగిలిన ఖాళీ) ఉంది. ఇంకో జట్టులో 22 ఏళ్ల వింగ్ ఆటగాడు రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. అంటే అతనికి వేరే జట్టు ఆఫర్ షీట్ (ఒప్పంద ప్రతిపాదన) ఇవ్వొచ్చు, పాత జట్టు అదే ధరకు ‘మ్యాచ్’ చేసి అతన్ని నిలుపుకోవచ్చు. మ్యాచ్‌కి 26 నిమిషాలు ఆడి 14 పాయింట్లు చేశాడు. మూడు పాయింట్ల షాట్లు 150 వేసి 34 శాతం సాధించాడు. అతని జీతం కలపకుండా లెక్కేస్తే పాత జట్టు పన్ను గీతకు (జీతాల మొత్తం దాటితే లీగ్‌కు పన్ను కట్టాల్సిన హద్దుకు) 6 మిలియన్లు దిగువన ఉంది. నాలుగేళ్లకు 95 మిలియన్లు ఇద్దామని నేనంటున్నా. ఎంతిచ్చినా వాళ్లు మ్యాచ్ చేసేస్తారు, ఎట్ట చూసినా దండగేనని మావాళ్లు. ఎవరి మాట నిజం?
— ఓ పాఠకుడు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: మ్యాచ్ చేస్తారా లేదా అన్నది తర్వాతి సంగతి. వాళ్లు మ్యాచ్ చేయకుండా వదిలేస్తే ఆ ఒప్పందాన్ని నాలుగేళ్లు మోయగలరా? ముందు ఇది తేల్చుకోండి. ఆ కుర్రాణ్ణి నాలుగేళ్లుగా రోజూ ప్రాక్టీసులో చూసింది పాత జట్టు. అతని మోకాలి స్కానింగులు, బరువు లెక్కలు, కోచ్‌తో తగవులు అన్నీ వాళ్లకు తెలుసు. అలాంటివాళ్లు ‘ఈ ధరకు మాకొద్దు’ అంటేనే అతను మీ చేతికొస్తాడు. కాబట్టి వాళ్లకు లేని కారణం ఏదో ఒకటి మీకు ఉండాలి. వాళ్ల దగ్గర అదే స్థానంలో ఇంకో ఇద్దరు ఉండొచ్చు, వాళ్లను పన్ను పిండేస్తూ ఉండొచ్చు, లేదా మీ ఆటతీరులో అతని పాత్ర పెద్దది కావొచ్చు. అలాంటి కారణం ఒక్కటి కూడా చెప్పలేకపోతే ఆఫర్ షీట్ జోలికి పోకండి.

మన పాఠకులకు ఐపీఎల్ ‘రైట్ టు మ్యాచ్’ కార్డు తెలిసిందే. 2025 సీజన్ వేలంలో రిషభ్ పంత్ కోసం లక్నో 20.75 కోట్లు పాడితే ఢిల్లీ ఆ కార్డు వాడింది. లక్నో 27 కోట్లకు పెంచేసరికి ఢిల్లీ తప్పుకుంది. ఎన్‌బీఏలో ఆ రెండో పాట లేదు. ఒకసారి ఆఫర్ షీట్ మీద సంతకాలయ్యాక మీరు ఒక్క డాలరు కూడా పెంచలేరు. పాత జట్టు ‘సరే’ అంటే ఆ ఒప్పందం వాళ్లదైపోతుంది. అందుకే మొదటి అంకెలోనే మీ బలమంతా ఉండాలి.

ఇక మీ అంకెలకు వద్దాం. వేరే జట్టు ఇవ్వగలిగింది గరిష్ఠంగా నాలుగేళ్లు, ఏటా పెంపు మొదటి ఏడాది జీతంలో 5 శాతం. మొదటి ఏడాది 22 మిలియన్లు పెడితే తర్వాత 23.1, 24.2, 25.3 అవుతాయి. మొత్తం 94.6. అంటే మీరనుకున్న 95 దాదాపు ఇదే. 2025–26 శాలరీ క్యాప్ 154.6 మిలియన్లు కాబట్టి 22 మిలియన్లంటే అందులో 14 శాతం. క్యాప్ ఏటా 7 శాతం పెరిగితే నాలుగో ఏట 25.3 అన్నది 13 శాతం పైచిలుకే. పైగా 22 నుంచి 26 ఏళ్ల దాకా ఎదిగే వయసు. ధర విపరీతమేమీ కాదు.

మీ 24 మిలియన్లు నిజంగా ఖాళీయేనా అన్నది సరిచూసుకోండి. కాగితం లీగుల్లో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఒప్పందం ముగిసిన మీ సొంత ఆటగాళ్ల ‘క్యాప్ హోల్డ్’లు (వాళ్ల పేరిట పట్టి ఉంచే మొత్తాలు) వాళ్ల హక్కులు వదులుకునేదాకా లెక్కలోనే ఉంటాయి. జాబితాలో 12 మందికంటే తక్కువుంటే ఒక్కో ఖాళీకి (2025–26లో) సుమారు 1.27 మిలియన్లు కలుపుతారు. ఆఫర్ షీట్ ఇచ్చిన క్షణం నుంచి జవాబొచ్చేదాకా ఆ 22 మిలియన్లు మీ లెక్కలో ఇరుక్కుపోతాయి. ఆలోగా మీ రెండో ఎంపిక ఇంకో జట్టుతో సంతకం పెట్టేస్తాడు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2017 ఒప్పందం కింద మ్యాచ్ గడువు రెండు రోజులుండేది. 2023లో దాన్ని ఒక రోజుకు కుదించారు. బాధ కొంత తగ్గిందే కానీ పోలేదు.

ఇప్పుడు పాత జట్టు కుర్చీలో కూర్చోండి. వాళ్లు పన్ను గీతకు 6 మిలియన్లు దిగువన ఉన్నారన్నారు. 22 మిలియన్లు మ్యాచ్ చేస్తే 16 మిలియన్లు గీత దాటుతాయి. 2025–26 లెక్క ప్రకారం పన్ను సుమారు 5.7 మిలియన్ల చొప్పున అంచెలుగా పడుతుంది. వరుసగా పన్ను కట్టే అలవాటు లేని జట్టుకు మొదటి అంచెలో డాలరుకు డాలరు, రెండో అంచెలో 1.25, మూడో అంచెలో 3.50. లెక్కేస్తే 5.7, 7.1, మిగిలిన 4.6కి 16.1. మొత్తం పన్ను దాదాపు 29 మిలియన్లు. అంటే 22 మిలియన్ల ఆటగాడు ఆ ఏడాది వాళ్లకు 51 మిలియన్ల ఖర్చు. అంతేకాదు, 187.9 దగ్గరున్న పన్ను గీతకు 16 కలిపితే 203.9 అవుతుంది. పన్ను గీతకు పైనున్న మరో హద్దు, ఫస్ట్ ఏప్రన్, 195.9. ఆ వేసవిలోనే వాళ్లు సైన్ అండ్ ట్రేడ్‌లో (పాత జట్టు కొత్త ఒప్పందం రాసి వెంటనే మార్పిడి చేసే పద్ధతిలో) ఎవరినైనా తెచ్చుకున్నా, 14.1 మిలియన్ల మిడ్ లెవెల్ (క్యాప్ దాటిన జట్లకూ ఉండే మినహాయింపు మొత్తం) పూర్తిగా వాడుకున్నా ఫస్ట్ ఏప్రన్ దగ్గర హార్డ్ క్యాప్, అంటే దాటడానికే వీల్లేని హద్దు, పడిపోతుంది. అప్పుడు మనసున్నా మ్యాచ్ చేయలేరు, ముందు ఎవరినైనా వదిలించుకుంటే తప్ప. మీ మిత్రుడి జట్టు ఇప్పటిదాకా చేసిన సంతకాలన్నీ తీసి ఈ ఒక్క విషయం చూడండి. మొత్తం బేరం దీని మీదే తేలొచ్చు.

ఇందులో ఓ మెలిక ఉంది. పన్ను లెక్కగట్టేది రెగ్యులర్ సీజన్ చివరి రోజున ఉన్న జీతాలను బట్టి. కాబట్టి ఈ రోజు మ్యాచ్ చేసి, ఫిబ్రవరి ట్రేడ్ గడువులోపు ఇంకొకరిని వదిలించుకుని గీత కిందికి దిగొచ్చు. వాళ్ల దగ్గర సులువుగా చెల్లిపోయే 12–15 మిలియన్ల ఒప్పందం ఒకటుంటే పన్ను భయం పెట్టి వాళ్లను కదిలించలేరు.

మ్యాచ్ చేస్తారన్న ధీమాతో ధర పెంచి పాత జట్టును ఇరకాటంలో పెడదామనుకునేవాళ్లూ ఉంటారు. మేం గట్టిగా వద్దనేది దాన్నే. బ్రూక్లిన్ జట్టు 2016, 2017లో టైలర్ జాన్సన్, అలెన్ క్రాబ్, డొనాటస్ మోటియూనస్, ఆటో పోర్టర్‌లకు ఆఫర్ షీట్లిచ్చింది. నలుగురినీ పాత జట్లు మ్యాచ్ చేశాయి. క్రాబ్‌కు నాలుగేళ్లకు దాదాపు 75 మిలియన్లు రాసిస్తే పోర్ట్‌లాండ్ నిలుపుకుంది. ఏడాది తిరిగేసరికి, 2017 జులైలో, అదే ఒప్పందంతో అతన్ని బ్రూక్లిన్‌కే ట్రేడ్ చేసింది. తాము రాసిన ధర చివరికి తమ నెత్తికే వచ్చింది. 2019 జూన్‌లో ఆ గుదిబండ దించుకోవడానికి బ్రూక్లిన్ అట్లాంటాకు ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (లీగ్‌లోకి వచ్చే కొత్త కుర్రాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో) 17వ ఎంపికను, మరుసటి ఏడాది మొదటి రౌండ్ ఎంపికను కూడా కలిపివ్వాల్సి వచ్చింది. డ్రాఫ్ట్ ఎంపికలు అప్పటికే కరువైన జట్టు కాబట్టి అప్పట్లో ఆ ఆఫర్ షీట్ల దారి పట్టడం అర్థమవుతుంది. ధర మాత్రం ఆటగాడి విలువకు తగ్గట్టు లేదు.

ఇక కుర్రాడి ఆట. 150 షాట్లలో 34 శాతం అన్నది దాదాపు ఏమీ చెప్పదు. నిజానికి 35 శాతం వేయగల షూటర్ 150 షాట్లలో కేవలం అదృష్టం అటూ ఇటూ కావడం వల్ల 31 నుంచి 39 దాకా ఎక్కడైనా కనిపించొచ్చు. నాలుగు సీజన్ల షాట్లూ కలిపి చూడండి. ఫ్రీ త్రో శాతం చూడండి. ఫ్రీ త్రోలు 80 దాటినవాడి మూడు పాయింట్ల షాట్ మెరుగుపడుతుందని ఆశించొచ్చు, 65 దగ్గర ఆగినవాడి మీద ఆ ఆశ పెట్టుకోవద్దు. 14 పాయింట్లలో ఎన్ని ఫాస్ట్ బ్రేక్‌లో వచ్చాయి, ఎన్ని వేరొకరు పాస్ ఇస్తే వచ్చాయి, ఎన్ని తనంతట తాను సృష్టించుకున్నవి అన్నది విడదీయండి. మొదటి రెండు రకాలకు 22 మిలియన్లు ఇవ్వనక్కర్లేదు.

వీడియో చూసేటప్పుడు బంతిని వదిలేసి కాళ్లు చూడండి. కార్నర్‌లో ఉన్న షూటర్ మీదికి పరుగెత్తి వెళ్లేటప్పుడు చివరి రెండడుగులు చిన్నవి చేసి, నడుము దించి, చెయ్యి ఎత్తి ఆగుతున్నాడా? లేక ఒకే ఊపులో గాల్లోకి లేచి పక్కనుంచి డ్రిబుల్‌కి దారిస్తున్నాడా? స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే ప్రత్యర్థి) తగలబోతుంటే ముందు పాదాన్ని స్క్రీన్ పెట్టినవాడి పాదం దాటించి, భుజం సన్నం చేసుకుని దూరుతున్నాడా? లేక ఛాతీతో ఢీకొని అక్కడే ఆగిపోతున్నాడా? నాలుగో ఏడాదిలో కూడా రెండో రకంగానే చేస్తుంటే, ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థులు ప్రతి స్క్రీన్‌కీ అతన్నే వెతుక్కుంటారు. ఒక మ్యాచ్‌లో ఇలాంటివి ముప్పై దాకా దొరుకుతాయి. ఐదు మ్యాచ్‌లు చూస్తే నిర్ణయానికి రావొచ్చు.

మా తీర్పు: పాత జట్టు హార్డ్ క్యాప్ కింద ఉంటే, లేదా వదిలించుకోదగ్గ ఒప్పందం వాళ్ల దగ్గర లేకపోతే, దానికి తోడు కుర్రాడి కాళ్లు మొదటి రకమైతే 94.6 మిలియన్లు ఇవ్వండి. హార్డ్ క్యాప్ లేదు, సులువైన ఒప్పందం ఉంది అంటే మీ మిత్రులదే నిజం. ఆ డబ్బుతో ఆంక్షలు లేని ఆటగాణ్ణి మొదటి రోజే పట్టుకోండి.

ప్రశ్న: టైలర్ జాన్సన్‌కు మొదటి రెండేళ్లూ 5.6, 5.9 మిలియన్లు, మూడో ఏడాది ఒక్కసారిగా 19.2 అని చదివాను. ఏటా 5 శాతమే పెంచాలన్నారు కదా, ఇదెలా కుదిరింది?
— ఓ వ్యాయామ ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మంచి ప్రశ్న వేశారు, మాస్టారూ. దీన్ని గిల్బర్ట్ అరీనాస్ పేరుతో ‘అరీనాస్ నిబంధన’ అంటారు. 2001లో రెండో రౌండ్‌లో వచ్చిన అరీనాస్ రెండేళ్లకే స్టార్ అయ్యాడు. గోల్డెన్ స్టేట్ అప్పటికే క్యాప్ దాటి ఉంది, రెండేళ్ల సర్వీసున్న ఆటగాడికి పెద్ద మొత్తం ఇచ్చే హక్కు దానికి లేదు. 2003లో చూస్తుండగానే వాషింగ్టన్ ఎగరేసుకుపోయింది. ఆ తర్వాత నిబంధన మార్చారు. ఒకటి రెండేళ్ల సర్వీసు ఉన్న రిస్ట్రిక్టెడ్ ఆటగాడికి మొదటి ఏడాది మిడ్ లెవెల్ మొత్తం కంటే ఎక్కువ రాయకూడదు, రెండో ఏడాది మామూలు పెంపే. మూడో ఏడాదిలో మాత్రం పెద్దగా ఎగరొచ్చు.

కిటుకు లెక్కగట్టే తీరులో ఉంది. ఆఫర్ ఇచ్చే జట్టు మొత్తాన్ని ఏళ్లతో భాగించి సగటును క్యాప్‌లో చూపుతుంది. జాన్సన్ 50 మిలియన్లు నాలుగేళ్లకు కాబట్టి బ్రూక్లిన్‌కు ఏటా 12.5 పడేది. మ్యాచ్ చేసిన మయామీకి మాత్రం అసలు జీతాలే లెక్క: 5.6, 5.9, 19.2, 19.2. మొదటి రెండేళ్లు చవగ్గా కనిపించి, మూడో ఏట కొండలా మీద పడింది. మయామీ ఆ మూడో ఏడాదిలోనే, 2019 ఫిబ్రవరిలో, అతన్ని ఫీనిక్స్‌కు పంపేసింది.

హ్యూస్టన్ ఇదే పద్ధతిలో 2012లో జెరెమీ లిన్‌కు మూడేళ్లకు 25.1 మిలియన్లు రాసింది, చివరి ఏడాది 14.9. మూడో ఏట పన్ను వాచిపోతుందని న్యూయార్క్ చేతులెత్తేసింది. హ్యూస్టన్ గెలిచింది కానీ, రెండేళ్లకే లిన్‌ను లేకర్స్‌కు వదిలించుకోవడానికి మొదటి రౌండ్ ఎంపిక ఒకటి తోడివ్వాల్సి వచ్చింది.

ఈ నిబంధన మొదటి రౌండ్ ఎంపికలకు దాదాపు వర్తించదు. వాళ్ల తొలి ఒప్పందం నాలుగేళ్లు సాగుతుంది. రెండో రౌండ్‌లో వచ్చినవాళ్లు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాళ్లే దీని కిందికొస్తారు.

ప్రశ్న: ఆటగాడి వైపు నుంచి చెప్పండి. బయటి జట్లు రాకపోతే అతని గతేంటి? పాత జట్టు ఎంతిస్తే అంతకు తల వంచాల్సిందేనా?
— ఓ డిగ్రీ విద్యార్థిని, కర్నూలు రోడ్డు, ఒంగోలు

జవాబు: ఒక దారుందమ్మా, కానీ గుండెధైర్యం కావాలి. రిస్ట్రిక్టెడ్ హక్కు నిలుపుకోవాలంటే పాత జట్టు జూన్ చివర్లో ఒక ఏడాది ‘క్వాలిఫైయింగ్ ఆఫర్’ ఇచ్చి తీరాలి. అక్టోబర్ 1 లోపు ఆటగాడు దాని మీద సంతకం చేస్తే ఆ ఒక్క ఏడాది తక్కువ జీతానికి ఆడి, మరుసటి వేసవిలో ఏ ఆంక్షా లేకుండా బయటికొస్తాడు. ఆ ఏడాదంతా తన అనుమతి లేకుండా తనను ట్రేడ్ చేయలేరు.

ఆ మొత్తం ఎంతన్నది ఆటను బట్టి కూడా మారుతుంది. సీజన్‌లో 41 మ్యాచ్‌లు స్టార్ట్ చేయడం (తొలి ఐదుగురిలో దిగడం) లేదా 2,000 నిమిషాలు ఆడటం అన్నది కొలత. మొదటి 14 ఎంపికల్లో వచ్చినవాడు ఆ కొలత అందుకోకపోతే అతని ఆఫర్ 15వ ఎంపిక స్థాయికి పడిపోతుంది. సీజన్ చివర్లో 38, 39 స్టార్ట్‌ల దగ్గరున్న కుర్రాణ్ణి బెంచ్ మీద కూర్చోబెడితే ఏజెంట్ల గుండెలు దడదడలాడేది అందుకే.

2014లో గ్రెగ్ మన్రో డెట్రాయిట్‌లో ఈ దారి పట్టి, ఏడాదికి మిల్వాకీతో పెద్ద ఒప్పందం చేసుకున్నాడు. 2017లో నెర్లెన్స్ నోయెల్ డాలస్‌లో సుమారు 4.2 మిలియన్ల క్వాలిఫైయింగ్ ఆఫర్‌కు సంతకం పెట్టాడు. ఆ ఏడాది బొటనవేలి గాయంతో ఎక్కువ మ్యాచ్‌లు ఆడలేదు, మరుసటి వేసవిలో పెద్ద ఒప్పందం రాలేదు. 2025 వేసవిలో క్యాప్ స్పేస్ ఉన్న జట్లు చాలా తక్కువ. కామ్ థామస్, క్వెంటిన్ గ్రైమ్స్ క్వాలిఫైయింగ్ ఆఫర్లకే సంతకం చేశారు. జాష్ గిడ్డీ సెప్టెంబర్ దాకా ఆగి షికాగోతో నాలుగేళ్లకు 100 మిలియన్లు, జొనాథన్ కుమింగా సెప్టెంబర్ 30న గోల్డెన్ స్టేట్‌తో రెండేళ్ల ఒప్పందం చేసుకున్నారు.

మా సలహా: పెద్ద గాయం ఎన్నడూ లేనివాడు, వచ్చే వేసవిలో డబ్బున్న జట్లు ఎక్కువగా కనబడుతున్నవాడు మాత్రమే ఈ దారి పట్టాలి. మోకాలికి ఒకసారి కత్తి పడినవాడు కాస్త తక్కువైనా మూడు నాలుగేళ్ల ఒప్పందమే తీసుకోవాలి.

ప్రశ్న: క్యాప్ స్పేస్ లేకపోయినా రిస్ట్రిక్టెడ్ ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చా?
— ఓ పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: రెండు మార్గాలున్నాయి. ఒకటి మిడ్ లెవెల్‌తో ఆఫర్ షీట్. 2025–26లో 14.1 మిలియన్లతో మొదలుపెట్టొచ్చు, కానీ మీ జట్టుకు ఫస్ట్ ఏప్రన్ దగ్గర హార్డ్ క్యాప్ పడుతుంది. పదో పన్నెండో మిలియన్ల స్థాయి ఆటగాడికి ఇది సరిపోతుంది.

రెండోది పాత జట్టుతోనే మాట్లాడుకుని చేసే సైన్ అండ్ ట్రేడ్. 2021లో లారీ మార్కనెన్‌ను క్లీవ్‌లాండ్ అలాగే షికాగో నుంచి తెచ్చుకుంది, నాలుగేళ్లకు 67 మిలియన్లు. మూడో జట్టుగా పోర్ట్‌లాండ్‌ను కలుపుకున్నారు. తర్వాత యూటాకు వెళ్లి 2023లో ఆల్‌స్టార్ అయ్యాడు. ఇక్కడ చిక్కంతా జీతాల సరితూకంలో ఉంది. క్యాప్ దాటి ఉన్న పాత జట్టు ఆటగాడి జీతాన్ని 20 శాతానికి మించి పెంచి పంపితే, వాళ్ల వైపు లెక్కలో కొత్త జీతంలో సగం లేదా పాత జీతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అదే పడుతుంది. 7.6 నుంచి 22 మిలియన్లకు పెరిగినవాడు మీకు 22గా వస్తాడు, వాళ్ల నుంచి మాత్రం 11గానే వెళ్తాడు. మీరు 22కి దగ్గర జీతాలు పంపాలి, వాళ్లేమో 11కి తగ్గట్టే తీసుకోగలరు. ఆ తేడాను మింగగల మూడో జట్టు దొరక్క చాలా బేరాలు మధ్యలో ఆగిపోతాయి. ముందు ఆ మూడో జట్టును వెతికి, ఆ తర్వాతే ఏజెంట్‌కు ఫోన్ చేయాలి.

ప్రశ్న: ఈ గడువులన్నీ మన గడియారంలో ఎన్నింటికి?
— ఓ పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: జూన్ 30 సాయంత్రం 6 గంటలకు అక్కడ బేరాలు మొదలైతే మనకు జులై 1 తెల్లవారుజామున 3:30. జులై 6 మధ్యాహ్నం సంతకాల తాత్కాలిక నిషేధం తొలగేసరికి మనకు రాత్రి 9:30. మ్యాచ్ గడువు అక్కడ రాత్రి 11:59తో ముగుస్తుంది, అంటే మనకు మర్నాడు ఉదయం 9:29. క్వాలిఫైయింగ్ ఆఫర్‌ను పాత జట్టు తనంతట తాను వెనక్కి తీసుకోగల చివరి రోజు జులై 13. అలా తీసుకుంటే ఆటగాడు ఆ క్షణం నుంచే పూర్తి స్వేచ్ఛాజీవి. ఆఫర్ షీట్ల మీద సంతకానికి ఆఖరి రోజు మార్చి 1.

ప్రశ్న: డీఆండ్రే ఎయిటన్‌ను ఫీనిక్స్ మ్యాచ్ చేసి మళ్లీ ఎందుకు పంపేసింది? మొదట్లోనే ఇండియానాకు వదిలేయొచ్చు కదా?
— ఓ పాఠకుడు, కందుకూరు

జవాబు: వదిలేస్తే చేతికి ఏమీ రాదు కాబట్టి. 2022 జులైలో ఇండియానా నాలుగేళ్లకు 133 మిలియన్లు రాసిచ్చింది. ఫీనిక్స్ వెంటనే మ్యాచ్ చేసింది. క్యాప్ దాటి ఉన్న జట్టు అతన్ని వదిలేస్తే ఆ జీతం స్థానంలో అంత ఆటగాణ్ణి కొనే వీలు లేదు. మ్యాచ్ చేస్తే కనీసం ట్రేడ్‌లో పెట్టడానికి పెద్ద జీతం ఒకటి చేతిలో ఉంటుంది. మ్యాచ్ చేసిన ఏడాదిలోపు ఇండియానాకు అసలు ట్రేడ్ చేయకూడదు, మిగతా జట్లకైనా అతను ఒప్పుకోవాలి. ఆ ఏడాది గడిచాక, 2023 సెప్టెంబర్‌లో, డేమియన్ లిల్లార్డ్ మిల్వాకీ వెళ్లిన మూడు జట్ల ట్రేడ్‌లో ఎయిటన్‌ను పోర్ట్‌లాండ్‌కు పంపి ఫీనిక్స్ కొందరు ఆటగాళ్లను తెచ్చుకుంది. మాగుంట లేఅవుట్ పాఠకుడు ఇది కూడా చూసుకోవాలి: అవతలి జట్టు క్యాప్ దాటి ఉంటే, కుర్రాడు నచ్చకపోయినా ట్రేడ్ సరుకుగానైనా ఉంచుకోవడానికి మ్యాచ్ చేయొచ్చు.